డెల్టా కూలి ఇళ్లలో ‘మై ప్లేట్’ పటం: ఏది నిలిచింది, ఏది మార్చాలి

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం 17 సూత్రాలు. అందులో ‘మై ప్లేట్ ఫర్ ది డే’ అనే గుండ్రటి పటం ఉంది. ఈ సమీక్ష దాని గురించే. అందులోని శాస్త్రంతో మాకు పేచీ లేదు. గోదావరి డెల్టాలో రోజు కూలి మీద బతికే ఇంటికి దాన్ని పాఠంగా తీసుకెళ్తే ఏమవుతుంది, తీసుకెళ్లే ముందు ఆ ఇంటివాళ్లను ఎలా అడగాలి అన్నదే ఇక్కడ చూస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఆధారంగా పెట్టుకోవడానికి ఇది గట్టి పటం. ఉన్నదున్నట్టు అచ్చువేసి అంగన్‌వాడీ గోడకు అంటిస్తే మాత్రం గందరగోళమే మిగులుతుంది. మధ్యలో చెయ్యాల్సిన పని ఒకటుంది. వండే మనిషి చేత ఆ పటాన్ని చదివించాలి, ఆమె ఏం చదివిందో ఆమె మాటల్లోనే రాసుకోవాలి, ఆ తర్వాతే పాఠానికి బొమ్మ గియ్యాలి.

పటం చెప్పేది ఒక మనిషికి రోజుకు 2000 కిలో కేలరీల లెక్క. ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పండ్లు 100, పప్పులు లేదా గుడ్డు, చేప, మాంసం 85, నువ్వులు వేరుశెనగ లాంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. పళ్లెంలో దాదాపు సగం కూరగాయలు, పండ్లు. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదు. ఈ తూకాలన్నీ పచ్చి సరుకువి, వండకముందువి.

తప్పు చదవడం మొదలయ్యేది అక్కడే. పళ్లెం బొమ్మ చూస్తే ఎవరికైనా కనబడేది వండిన తిండి. 250 గ్రాముల బియ్యం ఉడికితే ముప్పావు కిలోకి దగ్గరగా అన్నం అవుతుంది. బొమ్మలో అది పళ్లెంలో పావు వంతు ముక్కలా కనిపిస్తుంది. డెల్టాలో పళ్లెం అంటే నడుమ అన్నం కుప్ప, అంచున కూర, పైన పులుసు. ఆ కళ్లతో చూసినవాళ్లకు ఈ బొమ్మ షుగర్ వచ్చినవాళ్ల పథ్యంలా కనబడుతుంది. ‘మనకి కాదులే’ అని అక్కడితో వదిలేస్తారు. కాబట్టి అక్షరాలు కాగితంతో మూసేసి అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఈ పళ్లెం ఎవరిదనుకుంటున్నారండి?’ అన్నది. జవాబులో ‘మాలాంటోళ్లది’ అన్న మాట రాకపోతే తతిమ్మా పాఠం ఎంత బాగున్నా చెవికెక్కదు.

దీనికి మందు ఇంట్లోనే ఉంటుంది. బియ్యం ఏ సోలతోనో, గ్లాసుతోనో కొలుస్తారు. చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు పట్టుకెళ్లి, ఆ ఇంటి సోలెడు బియ్యం ఎంత తూగుతాయో అక్కడే చూడాలి. 200 మిల్లీలీటర్ల గ్లాసు తలకొట్టి నింపితే బియ్యం 160 నుంచి 170 గ్రాములు ఉంటాయి. గుట్టగా పోస్తే బాగా పెరుగుతుంది, అందుకని ఆమె రోజూ పోసినట్టే పొయ్యమనాలి. ఏ కొలత ఎక్కువ ఇళ్లలో కనిపిస్తే పాఠంలో గ్రాముల చోట ఆ కొలత రాయాలి. సోల పేరు ఒకటే అయినా ఇంటింటికీ అందులో పట్టేది మారుతుంది. తూచకుండా ‘సోల అంటే ఇంత’ అని ఊహించుకుని అచ్చువేసిన పాఠాలు ఇక్కడే దెబ్బతింటాయి.

రెండో చిక్కు ఇంతకన్నా పెద్దది. 2000 కిలో కేలరీలు ఊడ్పులకో కోతలకో వెళ్లే మనిషి లెక్క కాదు. ఇదే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన అవసరాల ప్రకారం కూర్చుని పనిచేసే స్త్రీకి 1660, ఓ మాదిరి శ్రమ చేసే స్త్రీకి 2130, బరువు పని చేసే స్త్రీకి 2720 కిలో కేలరీలు కావాలి. బరువు పని చేసే మగవాడికి 3470. సార్వా (వానాకాలం వరి) ఊడ్పుల్లో నడుం వంచి బురదలో పొద్దంతా నాటే ఆడమనిషికి అన్నం తగ్గించమని బొమ్మ చెప్పినట్టయితే ఆమె దాన్ని నమ్మదు, నమ్మకపోవడమే న్యాయం. ‘అన్నం తగ్గించండి’ అన్న మాట కూలి ఇళ్ల పాఠంలో ఉండకూడదని మా అభిప్రాయం. ‘అన్నం పక్కన ఇంకేం పెట్టగలం’ అన్నదే అక్కడి ప్రశ్న. షుగర్ ఉన్న ముసలివాళ్లకు, ఇంటిపట్టున ఉండేవాళ్లకు చెప్పాల్సిన మాట వేరు. రెండూ ఒకే కాగితం మీద పెడితే రెండూ చెడతాయి.

మూడోది డబ్బు. పటం ఒక మనిషిదే కాబట్టి ఖర్చు కనబడదు. ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరికే లెక్క కట్టి చూడండి. పప్పు రోజుకు 170 గ్రాములు, నెలకు 5 కిలోల పైన. కూరగాయలు రోజుకు 800 గ్రాములు, నెలకు 24 కిలోలు. పాలు రోజుకు 600 మిల్లీలీటర్లు. పిల్లల సంగతి ఇంకా ఎత్తలేదు. నెలకు కిలో, కిలోన్నర కందిపప్పుతో సరిపెట్టుకునే ఇంట్లో ఈ అంకెలు వినగానే మాట ఆగిపోతుంది. ఉచిత రేషన్ బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు, అంటే రోజుకు 167 గ్రాములు. పటం చెప్పే 250 గ్రాములకు కూడా మిగతాది కొనాల్సిందే. ఈ లెక్క చెప్పేవాళ్లకు ముందే తెలిసుండాలి. లేకపోతే వినేవాళ్లు మర్యాదగా తలూపి వెళ్లిపోతారు, చెప్పినవాళ్లేమో ‘బాగా అర్థమైంది’ అని రిపోర్టు రాసుకుంటారు.

డబ్బు గురించి నేరుగా అడిగితే నిజం రాదు, అడగడమూ బాగుండదు. 20 చింతపిక్కలు చేతిలో పెట్టి, ‘ఇవి వారానికి వంటింటికయ్యే డబ్బనుకోండి, దేనికెంతో పంచండి’ అనాలి. ముందు బియ్యం, నూనె, పప్పు, కూరలు, పాలు, గుడ్లు, చేప, టీ, పిల్లల చిరుతిళ్లు అని కార్డులు పరుస్తారు. ఆమె పంచాక రెండు పిక్కలు తీసేసి, ‘ఈ వారం పని దొరకలేదనుకోండి, ఎక్కడ తగ్గిస్తారు?’ అని అడగాలి. ఏ కార్డు మీద నుంచి పిక్క తియ్యడానికి చెయ్యి వెనకాడుతుందో ఆ సరుకు మీద పాఠం కట్టాలి. సులువుగా తీసేసిన దాన్ని పాఠంలో ముందు పెడితే నిలవదు. చిరుతిళ్ల కార్డు దగ్గర తొందరపడి మందలించకూడదు. అయిదు రూపాయల కురుకురే పాకెట్ పనికెళ్లేటప్పుడు పిల్లాణ్ణి ఊరుకోబెడుతుంది. ఆ అయిదు రూపాయలకూ ఆ క్షణంలో ఇంకేం చేతిలో పెట్టొచ్చో చెప్పగలిగితేనే నోరు విప్పాలి. అరటిపండు, వేపిన శెనగలు, వేరుశెనగ ఉండ లాంటివి ఆ ఊరి కొట్లో ఉంటాయో లేదో ముందు చూసుకోవాలి.

ఎవరిని అడగాలి అన్నది చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం. అంగన్‌వాడీలో పోగైన తల్లులను అడిగేసి పని అయిపోయిందనుకుంటారు. అంగన్‌వాడీ టీచర్ ఎదుట కూర్చున్న తల్లి టీచర్‌కు నచ్చే జవాబే చెబుతుంది. డ్వాక్రా సమావేశంలో అయితే లీడర్ మాట్లాడుతుంది, మిగతావాళ్లు అవునంటారు. కోడలి ముందు అత్త, అత్త ముందు కోడలు పూర్తిగా మాట్లాడరు. కాబట్టి విడివిడిగా కూర్చోవాలి: గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లల తల్లులు ఒక జట్టు, అత్తలు ఒక జట్టు, సరుకులు తెచ్చే మగవాళ్లు ఒక జట్టు. జట్టుకు 6 నుంచి 8 మంది చాలు. పది దాటితే సభ అయిపోతుంది. మగవాళ్లను పిలిస్తే రారు, సాయంత్రం టీ కొట్టు దగ్గర మనమే వెళ్లి కూర్చోవాలి.

డెల్టాకే ప్రత్యేకమైన రెండు వర్గాలు జాబితాల్లో జారిపోతుంటాయి. కోనసీమ నుంచీ, పశ్చిమ గోదావరి నుంచీ కువైట్, ఖతార్, ఒమన్‌లలో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్ల పిల్లలను అమ్మమ్మలూ నాయనమ్మలూ పెంచుతుంటారు. అక్కడ ‘తల్లి’ అని రాసిన పాఠం ఎవరిదీ కాకుండా పోతుంది. పళ్లూడిన అమ్మమ్మ తనకు మెత్తగా ఉన్నదే మనవడికీ పెడుతుంటే ఆమెకు తగిన మాట వేరే ఉండాలి. రెండోది భీమవరం చుట్టుపక్కల చేపల చెరువుల, రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా ఉండే కుటుంబాలు. ఊరికి దూరంగా షెడ్డులో ఉంటారు, అంగన్‌వాడీ అందదు, కూరగాయల బండి రాదు. వాళ్ల దగ్గరికి మనం వెళ్లకపోతే వాళ్ల సంగతి ఏ కాగితంలోకీ ఎక్కదు.

ఎప్పుడు వెళ్లాలన్నదీ అంతే ముఖ్యం. సార్వా, దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పులప్పుడూ కోతలప్పుడూ తెల్లారి వెళ్లినవాళ్లు మధ్యాహ్నం దాటాక వస్తారు, వచ్చాక వంట, బట్టలు. ఆ రోజుల్లో పదింటికి మీటింగ్ పెడితే పనికి వెళ్లనివాళ్లే దొరుకుతారు, అసలువాళ్లు దొరకరు. వేసవిలో కాలవలు కట్టేశాక చేతిలో పని తక్కువ, తీరిక ఎక్కువ, డబ్బూ తక్కువే. ఒక్క కాలంలో అడిగిన జవాబులతో ఏడాది పాఠం రాస్తే సగం నెలలకు అది సరిపడదు. ఒకసారి పని ఉన్న కాలంలో, ఒకసారి లేని కాలంలో అడగడం కనీసం. కూర్చున్న గంటకు ప్రతిఫలం ఇవ్వాలి. ఎంతో ఏమిటో ముందే చెప్పి, మధ్యలో లేచి వెళ్లినా ఇవ్వాలి. పేరు రాయం, ఫొటో తియ్యం, రికార్డు చేస్తే అడిగే చేస్తాం అన్న మాట మొదటే చెప్పి నిలబెట్టుకోవాలి. రేషన్ కార్డు పోతుందేమో, పథకం ఆగుతుందేమో అన్న భయం వల్ల తిన్నదానికన్నా తక్కువ చెప్పేవాళ్లుంటారు, పరువు కోసం ఎక్కువ చెప్పేవాళ్లూ ఉంటారు. ‘దీనికీ పథకాలకీ సంబంధం లేదండి’ అని తేల్చి చెప్పాకే పుస్తకం తెరవాలి.

అడిగే వరుస మారితే జవాబులు మారిపోతాయి. పటం చూపించకముందే నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం తిన్నారో చెప్పించుకోవాలి. పటం చూశాక అడిగితే తినని ఆకుకూరలు కూడా జవాబులోకి వచ్చేస్తాయి. మొదట ఆపకుండా చెప్పనివ్వాలి, రెండోసారి మరిచిపోయినవి అడగాలి: టీలో పాలు, చద్దన్నంలో పెరుగు, పొలంలో నంజుకున్న ఉల్లిపాయ, దారిలో కోసుకున్న జామకాయ. తర్వాత కొలతలు. చివర్లో మొత్తం ఒకసారి చదివి వినిపించాలి. ఇలా వచ్చినదాన్ని పది ఆహార వర్గాలుగా విడగొట్టి చూడొచ్చు. స్త్రీలకు పదిలో కనీసం అయిదు వర్గాలు రోజూ అందాలన్నది అంతర్జాతీయంగా వాడే కొలమానం. గ్రాముల కన్నా ఈ లెక్కే పాఠానికి ఎక్కువ పనికొస్తుంది. ‘మీకు నాలుగు అందుతున్నాయి, అయిదోది ఏది సులువు?’ అని అడగొచ్చు.

‘అర్థమైందా?’ అన్న ప్రశ్న పూర్తిగా మానెయ్యాలి. దానికి ఎప్పుడూ ‘ఆయ్, అయిందండి’ అన్నదే జవాబు. దాని బదులు ‘పక్కింటావిడ రాలేదు కదా, ఆవిడకి ఇది ఎలా చెప్తారో చెప్పండి’ అనాలి. ఆమె చెప్పేటప్పుడు ఏ ముక్క వదిలేసిందో, ఏ ముక్క మార్చిందో పుస్తకంలో రాసుకోవాలి. పేజీని రెండుగా మడిచి, ఎడమవైపు ఆమె అన్న మాట యథాతథంగా, కుడివైపు మనకు తోచింది. ఈ రెండూ ఒకే వరుసలో రాసేవాళ్ల పుస్తకాల్లో వారం తర్వాత ఏది ఎవరి మాటో తెలియదు. మాట రాసేటప్పుడు యాస దిద్దకూడదు. ‘ఏడి సేత్తాది’ అని ఆమె అంటే అలాగే రాయాలి, ‘శరీరంలో ఉష్ణం పెరుగుతుంది’ అని రాస్తే దొరికిన సరుకు చేజారినట్టే.

ఆ ‘వేడి చేస్తుంది’ అన్న మాట చుట్టూనే సగం తిండి నిర్ణయాలు తిరుగుతాయి. గర్భిణికి బొప్పాయి వద్దు, నువ్వులు వద్దు. బాలింతకు పథ్యం పేరుతో కారప్పొడి, వెల్లుల్లి, ఒకటి రెండు కూరలు, మంచినీళ్లు కూడా కొలత పెట్టి. ‘ఇవన్నీ మూఢనమ్మకాలు’ అని మొదలుపెట్టిన పాఠానికి అత్తల జట్టు అక్కడే ముగింపు పలుకుతుంది. పథ్యంలో ఏం తినొచ్చో వాళ్లనే అడిగి, ఆ జాబితాలోంచే బలమైనవి ఎంచుకోవాలి. పప్పు, గుడ్డు, పాలు, మునగాకు, పొట్లకాయ, బీరకాయ, వీటిలో ఏది ఏ ఇంట్లో చెల్లుతుందో తేలిపోతుంది. మునగాకు సంగతి చూడండి. ఆషాఢంలో తినాలని గోదావరి జిల్లాల్లో ఆనవాయితీ ఉంది, మిగతా నెలల్లో వేడి అని పక్కనపెట్టేవాళ్లూ ఉన్నారు. ‘ఆషాఢంలో ఎలా వండుతారు?’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే పప్పులో వేస్తాం అంటారు. పాఠానికి అక్కడ తలుపు తెరుచుకుంటుంది.

ఇక పటంలో లేని డెల్టా తిండి గురించి. మెత్తళ్లు, ఎండు రొయ్యలు, రొయ్యపొట్టు ఎక్కడా కనిపించవు, కూలి ఇళ్లలో నెలంతా దొరికే నీచు అదే. ముల్లుతో సహా నమిలే చిన్న చేపలో కాల్షియం కూడా ఉంటుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి వేడినీళ్లలో కాసేపు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండమని పక్కనే చెప్పాలి, కూరలో ఉప్పు ఆ మేరకు తగ్గించాలి. పొన్నగంటి, బచ్చలి, తోటకూర గట్ల మీదా పెరట్లోనూ దొరికేవి. కలుపుమందు కొట్టిన గట్టు మీద కొయ్యకూడదు కాబట్టి ‘ఎక్కడ కోస్తారు?’ అని తప్పక అడగాలి. గింజల ముక్కను చూసి కోనసీమవాళ్లు కొబ్బరి అనుకోవడం సహజం. కొబ్బరిలో కొవ్వు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. ఆ చోట వేరుశెనగ, నువ్వుల బొమ్మ స్పష్టంగా ఉండాలి. పండ్లలో యాపిల్ బొమ్మ వేస్తే పండు అంటే కొనేది అన్న భావన గట్టిపడుతుంది. అరటి, జామ, బొప్పాయి చాలు.

నూనె దగ్గర జాగ్రత్త. రోజుకు 27 గ్రాములంటే మనిషికి నెలకు 900 మిల్లీలీటర్ల దాకా. మిగతా ముక్కలన్నీ ‘ఇంత తినండి’ అని చెబుతున్నప్పుడు దీన్నీ అలాగే చదువుతారు, తక్కువ వాడే ఇల్లు కూడా పెంచాలేమో అనుకుంటుంది. ఈ ముక్కను పళ్లెం బొమ్మలోంచి తీసి విడిగా ‘ఇది దాటకండి’ అన్న గీతతో పెడితే ఆ పొరపాటు తప్పుతుంది.

పోషకాల గింజలు కలిపిన రేషన్ బియ్యం అందే చోట, ఆ గింజల మాట ఈ పటంలో లేకపోయినా ఈ పాఠంలో ఉండి తీరాలి. అలాంటి బియ్యంలో వంద గింజలకు ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజ కలుస్తుంది. రంగు కొంచెం తేడా, నీళ్లలో తేలుతుంది కూడా. అందుకే ప్లాస్టిక్ బియ్యం అన్న అనుమానంతో ఏరి పారేస్తుంటారు. చాటలో బియ్యం పోసి ‘ఏవి ఏరేస్తారో చూపించండి’ అంటే ఒక్క నిమిషంలో సంగతి తెలుస్తుంది. అదే చోట ఇంకో ప్రశ్న: ‘గంజి వారుస్తారా, అత్తెసరు పెడతారా?’ వార్చిన గంజితో బి విటమిన్లు కొంత పోతాయి. గంజి తాగే ఇల్లయితే ఫరవాలేదు, పారబోసే ఇల్లయితే చెప్పాలి. ఇనుము మాత్ర టీతో వేసుకుంటున్నారా అన్నది కూడా ఈ వరుసలోనే అడగొచ్చు. టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు, నిమ్మరసం, ఉసిరి సాయపడతాయి.

ఎంతమందిని అడిగితే చాలు? కాలవగట్టు కాలనీ ఒకటి, లంక గ్రామం (నది మధ్య దీవి మీద ఊరు) ఒకటి, చెరువుల ఊరు ఒకటి ఎంచుకుని, మొత్తం ఆరేడు జట్లు, 12 నుంచి 15 ఇళ్లలో విడి సంభాషణలు పెట్టుకుంటే చాలావరకు కొత్త మాటలు రావడం ఆగిపోతుంది. ఆగకపోతే ఇంకో ఊరు వెళ్లాలి. పదిమందిలో ముగ్గురికి మించి ఒక బొమ్మను తప్పుగా చదివితే ఆ బొమ్మ మార్చాలన్నది మేం పెట్టుకునే గీత. గుడ్డును ఉడికించి సగానికి కోసి పచ్చసొన కనిపించేలా వెయ్యకపోతే బంగాళాదుంప అనో లడ్డూ అనో చదువుతారు. పెరుగును తెల్లటి గిన్నెలో వేస్తే ఇడ్లీ పిండి అనుకుంటారు, స్టీలు గిన్నెలో వెయ్యాలి.

తిరగరాసిన పాఠం పళ్లెంలా ఉండాలన్న నియమం లేదు. వారం రోజుల పట్టీగా వేసి, రోజుకు ఒక్క చేర్పు చూపిస్తే కూలి డబ్బు చేతికొచ్చే తీరుకు దగ్గరగా ఉంటుంది. సోమవారం పప్పులో ఆకుకూర, మంగళవారం గుడ్డు, సంత రోజున మెత్తళ్లు, అలా. ఎక్కడ అంటించాలో కూడా వాళ్లనే అడగాలి. అంగన్‌వాడీ గోడ కన్నా బియ్యం డబ్బా మూత మీద అరచేతంత స్టిక్కర్ ఎక్కువ కళ్లబడుతుంది, తడికీ మసికీ తట్టుకునేలా ప్లాస్టిక్ పూత ఉంటే చాలు. మొదట పాతిక ప్రతులే వేయించి ఇళ్లలో రెండు వారాలు ఉంచాలి. రెండో విడత పరీక్షకు మొదట మాట్లాడినవాళ్లను పిలవకూడదు, వాళ్లకు జవాబులు తెలిసిపోయి ఉంటాయి. పక్క వీధి నుంచి కొత్తవాళ్లను పిలిచి, మళ్లీ అక్షరాలు మూసి, మళ్లీ అదే మొదటి ప్రశ్నతో మొదలుపెట్టాలి.